తగ్గింది ధర ఒక్కటే

"కొత్త క్రెటాకి పెట్టే డబ్బుతో పాత బెంజ్ వస్తుంటే క్రెటా కొనడం తెలివితక్కువ." కారు కొనాలనుకునే మధ్యతరగతి ఇళ్ళలో ఇప్పుడు ఈ మాట వినపడని చోటు లేదు. ఆఫీసు క్యాంటీన్లో ఇదే, పెళ్ళి భోజనాల దగ్గర ఇదే, సెకండ్ హ్యాండ్ కార్ల వీడియో ఏది తెరిచినా ఇదే. అమ్మేవాళ్ళు ఇలా అనడంలో వింత లేదు. కొనేవాళ్ళు కూడా లెక్క వేసుకోకుండా ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అందుకే దీన్ని ఖండించక తప్పడం లేదు.

ముందుగా ఆ వాదన ఏమిటో ఉన్నదున్నట్టు చెబుతాను. యాభై లక్షలు పెట్టి ఒకాయన కొన్న కారు ఎనిమిదేళ్ళకు పదిహేను లక్షలకు దిగింది. తరుగంతా ఆయనే మోశాడు. జర్మన్ ఇంజను లక్షల కిలోమీటర్లు నడుస్తుంది, ఇదేమో నలభై వేలే తిరిగింది. షోరూమ్ సర్వీసు ఖరీదైతే బయట మంచి మెకానిక్కులున్నారు. కొనేముందు చెక్ చేయించుకుంటాం. అన్నిటికీ మించి, ఆ బండిలో ఉన్న బ్రేకులు, బాడీ గట్టిదనం, ఎయిర్‌బ్యాగులు పదిహేను లక్షల కొత్త కారులో ఎక్కడివి?

ఇందులో నిజం ఉంది. వంద వేగంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద పాత ఈ-క్లాస్ ఎంత నిలకడగా పోతుందో, ఐదు వందల కిలోమీటర్లు నడిపి దిగినా నడుము ఎంత హాయిగా ఉంటుందో ఎక్కినవాళ్ళకి తెలుసు. ఆ సుఖాన్ని నేను కాదనను. నా అభ్యంతరం వేరు. కొనుగోలు ధరతోనే బడ్జెట్ అయిపోయే మనిషి వారంటీ దాటిన జర్మన్ లగ్జరీ సెడాన్ జోలికి వెళ్ళకూడదు, ఆ బండి ఎంత మంచి స్థితిలో ఉన్నా సరే. ఎందుకో ఆ వాదనలోని ఒక్కొక్క మెట్టూ తీసుకుని చెబుతాను.

1. "తరుగంతా మొదటి ఓనరే మోశాడు"

మోసింది బండి ధరలో తరుగు. బండి లోపలి భాగాల ధరలో తరుగు ఎవరూ మోయలేదు, ఎందుకంటే అది జరగనేలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ కారుకి కావలసిన గేర్‌బాక్స్ మెకట్రానిక్స్ యూనిట్, ఎయిర్ సస్పెన్షన్ స్ట్రట్, ఇంజెక్టరు యాభై లక్షల కారుకి తగ్గ ధరలోనే దొరుకుతాయి. ఎల్‌ఈడీ హెడ్‌లైటు ఒక్కటే లక్ష దాటడం మామూలు. పదిహేను లక్షలకు కొన్నవాడికి పదిహేను లక్షల కారు స్పేర్ పార్టులు ఎవరూ ఇవ్వరు.

ఈ తేడా బాగా కనపడేది ఇన్సూరెన్స్ దగ్గర. దీన్ని ఎవరూ ప్రస్తావించరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సాధారణ మోటార్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు బండి వయసు ఎంతైనా 50 శాతం తరుగు తీసేస్తారు. లోహపు భాగాలకు ఐదేళ్ళు దాటి పదేళ్ళ లోపైతే 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. ఈ కోత లేకుండా చేసే జీరో డెప్ పాలసీ ఐదేళ్ళు దాటిన బండికి దొరకడం కష్టమవుతూ వస్తుంది. ఇప్పుడు ఎదురుగా ఒక మోస్తరు దెబ్బ తగిలి బంపరు, రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, ఏసీ కండెన్సరు పోయాయనుకోండి. భాగాల ధర కొత్త కారుది, కోత పాత కారుది. దాదాపు సగం మీ జేబులోంచే పోవాలి.

ఇంకా ఉంది. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా తేలుస్తుంది. ఐడీవీ ఏటా పడిపోతుంది, భాగాల ధర పడిపోదు. అంటే ఏటేటా ఇంకాస్త చిన్న దెబ్బకే బండి మొత్తం పోయినట్టు లెక్క. మొదటి ఓనరు ఈ ప్రమాదం మోయలేదు. మోయకుండానే అమ్మేశాడు. వారంటీ ముగిసే వేళకి ఇలాంటి బండ్లు బజారులోకి రావడం కాకతాళీయం అనుకోవడం అమాయకత్వం. సగం కంటే తక్కువ ధరకు దిగిందంటే, ముందున్న ఖర్చు ఎంతో బజారుకి తెలుసు. ఆ తెలిసినదాన్నే ధరలో చూపించింది. మనం దాన్ని డిస్కౌంట్ అనుకుంటున్నాం.

2. "జర్మన్ ఇంజను చెక్కుచెదరదు"

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మెర్సిడెస్ 1995లో పుణేలో తయారీ మొదలుపెట్టింది డబ్ల్యు124 ఈ-క్లాస్‌తో. మొండి బండి అది. ఆ తరం డీజిల్ బెంజ్‌లు టాక్సీలుగా దేశదేశాల్లో లక్షల కిలోమీటర్లు తిరిగాయి. ఆ పేరు గట్టిగా నిలిచిపోయింది. ఆ పేరునే ఇప్పుడు 2010 తర్వాతి కార్లకు అంటగడుతున్నారు. కానీ ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో దొరికే బండ్లు ఆ బండ్లు కావు. టర్బోలు, పియెజో ఇంజెక్టర్లు, డజన్ల కొద్దీ కంట్రోల్ యూనిట్లు, ప్లాస్టిక్ గైడ్ల మీద నడిచే టైమింగ్ చైన్లు ఉన్న యంత్రాలు ఇవి.

బీఎండబ్ల్యూ 320డీ, 520డీల్లో వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజను సంగతే తీసుకోండి. 2007 నుంచి 2014 దాకా వచ్చిన ఈ ఇంజనులో టైమింగ్ చైన్ వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. తొలి ఏళ్ళ బండ్లలో ఆ చైన్ త్వరగా అరిగి సాగిపోయింది. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజను బద్దలవుతుంది. తెగకముందే మార్చాలన్నా ఇంజనో గేర్‌బాక్సో దించక తప్పదు. చైన్ చవకే, దాని దాకా చేరడానికయ్యే కూలీ ఖర్చు అసలు దెబ్బ. పెట్రోలు తీసుకుంటే ఆ బాధ లేదా? 328ఐ, 528ఐల్లోని ఎన్20 ఇంజనులో చైన్ ముందు వైపే ఉంది, కానీ ప్లాస్టిక్ గైడ్లు పెళుసుబారి విరిగాయి. అమెరికాలో యజమానులు కోర్టుకెక్కారు. ఆడి 2.0 టీఎఫ్‌ఎస్‌ఐలో 2009-2011 నాటి ఇంజన్లు ఆయిల్ తాగేశాయి, అక్కడ ఆడి కూడా యజమానులతో సెటిల్‌మెంట్ చేసుకోవాల్సి వచ్చింది. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్‌లో కూడా చైన్ వెనక వైపే. దాని తొలి బండ్లలో ఇంజెక్టర్లు పోతుంటే కంపెనీయే వాటిని మార్చి ఇచ్చింది. ఇవి పుకార్లు కావు, కంపెనీలే ఖర్చు పెట్టుకోవాల్సి వచ్చిన లోపాలు.

2018 వేసవిలో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు, ముఖ్యంగా 520డీలు, నడుస్తూ నడుస్తూ తగలబడ్డాయి. ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ నుంచి కూలెంట్ కారి, లోపల పేరుకున్న మసితో కలిసి రగులుకుంది. ఆ ఏడాది ప్రపంచమంతటా సుమారు 16 లక్షల డీజిల్ బండ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. మీరు చూడబోతున్న బండికి ఇలాంటి రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందో లేదో ఛాసిస్ నంబరు చెప్పి షోరూమ్‌లో అడిగారా? అమ్మేవాళ్ళలో ఎంతమంది ఆ కాగితం చూపిస్తున్నారు?

ఇంజను సంగతి ఇంతటితో వదిలేద్దాం. అసలు లక్షలు మింగేది గేర్‌బాక్సు. బీఎండబ్ల్యూ, జాగ్వార్ కార్లలో వచ్చే జెడ్‌ఎఫ్ 8-స్పీడ్ గేర్‌బాక్సు నిజంగా గొప్పది. కానీ దాని ఆయిల్ "జీవితాంతం మార్చనక్కర్లేదు" అని బీఎండబ్ల్యూ చెబుతూ వచ్చింది. ఆ గేర్‌బాక్సును తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. మొదటి ఓనరు ఎవరి మాట విన్నాడు? పూర్తి షోరూమ్ సర్వీస్ హిస్టరీ ఉన్న బండిలో కూడా ఆ ఆయిల్ ఒక్కసారీ మారకపోయి ఉండవచ్చు. హిస్టరీ పుస్తకం నిండుగా ఉందని సంబరపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మెర్సిడెస్ 7జీ-ట్రానిక్‌లో ఎలక్ట్రానిక్ ప్లేటు గేర్‌బాక్సు లోపల, వేడి ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందులో స్పీడ్ సెన్సరు పోతే బండి ఒకే గేరులో బిగుసుకుపోతుంది. ఆడి మల్టీట్రానిక్‌నైతే కంపెనీయే 2014లో వదిలేసింది. తయారు చేసినవాడే వదులుకున్న గేర్‌బాక్సును మనం ఏ ధైర్యంతో నెత్తిన పెట్టుకోవాలి?

3. "కిలోమీటర్లు తక్కువ తిరిగింది"

తక్కువ తిరగడం మంచిదే అన్న నమ్మకం ఈ రకం బండ్ల దగ్గర తలకిందులవుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ పాతబడేది కాలంతో, వేడితో. విజయవాడలోనో రామగుండంలోనో ఎనిమిది వేసవులు ఎండలో నిలబడిన బండిలో కూలెంట్ గొట్టాలు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, ఎయిర్ సస్పెన్షన్ బెలోస్ ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా పెళుసుబారతాయి. ఎయిర్ బెలోస్‌లో సన్నని చీలిక పడితే కంప్రెసరు ఆగకుండా తిరిగి అది కూడా కాలిపోతుంది. ఒక ఖర్చు రెండవుతుంది.

డీజిల్ బండికి ఇంకో ముప్పు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా హైవే మీద పోవాలి. ఇంటి నుంచి క్లినిక్‌కి, క్లినిక్ నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిరిగిన డాక్టరుగారి డీజిల్ బండిలో ఆ అవకాశమే రాలేదు. "డాక్టరుగారి బండి" అని గర్వంగా చెప్పే ఆ చరిత్రే డీపీఎఫ్‌కి, ఈజీఆర్‌కి హాని చేసిన చరిత్ర.

మీటరు వెనక్కి తిప్పడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది అందరికీ తెలిసిన మోసమే. చాలా జర్మన్ బండ్లలో కిలోమీటర్ల లెక్క మీటరు బోర్డులోనే కాక వేరే యూనిట్లలో కూడా నమోదవుతుంది. ఆ లెక్కలు పోల్చి చూడమని మీ మెకానిక్‌ని అడగండి.

4. "బయట గ్యారేజీలో సగం ఖర్చుకే అయిపోతుంది"

హైదరాబాద్‌లో జర్మన్ కార్లు బాగా తెలిసిన బయటి మెకానిక్కులు ఉన్నారు. కొందరి పనితనం షోరూమ్ కంటే మెరుగు. వాళ్ళ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ బండ్లలో పని స్పానర్‌తో ముగియదు. బ్యాటరీ మార్చినా చాలా బీఎండబ్ల్యూల్లో కంప్యూటర్‌లో నమోదు చేయాలి. 7జీ-ట్రానిక్ ఎలక్ట్రానిక్ ప్లేటు దొంగతనం జరగకుండా తాళం వేసిన భాగం, దాన్ని బండికి జత చేయాలంటే కంపెనీ సర్వరు అనుమతి కావాలి. మెకానిక్ ఎంత గొప్పవాడైనా ఈ తాళం అతని చేతిలో ఉండదు.

అందుకే సగం ఖర్చు అనే మాట చాలాసార్లు సెకండ్ హ్యాండ్ భాగాల మీద నిలబడుతుంది. చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ మాయాపురిలోనో విప్పిన బండి భాగం. అది ఏ బండిది, ఎందుకు విప్పారు, వరదలో మునిగిందా అన్నది ఎవరూ చెప్పరు. ఆరు నెలలకు మళ్ళీ పోతే అదే కూలీ మళ్ళీ కట్టాలి.

5. "టెస్ట్ డ్రైవ్‌లో అంతా బాగుంది, రెండు వందల పాయింట్లు చెక్ చేశారు"

ఈ బండ్లలో పెద్ద జబ్బులు ఏవీ అరగంట టెస్ట్ డ్రైవ్‌లో బయటపడవు. అరిగిన టైమింగ్ చైన్ చప్పుడు రాత్రంతా చల్లబడిన ఇంజను స్టార్ట్ చేసిన మొదటి కొన్ని క్షణాల్లోనే వినపడుతుంది. మీరు వెళ్ళేసరికి బండి అప్పటికే స్టార్ట్ చేసి, వేడెక్కించి, కడిగి, ఏసీ వేసి ఉంచితే ఆ క్షణాలు మీకు దక్కవు. గేర్‌బాక్సు జబ్బు దీనికి పూర్తిగా ఎదురు. బాగా వేడెక్కాక, అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటసేపు ఆగి ఆగి నడిచాక, రెండో గేరు నుంచి మొదటికి దిగేటప్పుడు కుదుపు వస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ లీకు తెల్లారాక ఒక మూల కుంగిన బండిలో కనపడుతుంది, ఇంజను స్టార్ట్ చేసిన నిమిషంలో మళ్ళీ లేచి నిలబడుతుంది. ముందురోజు రాత్రి, మర్నాడు పొద్దున, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మూడుసార్లు చూడనిదే ఈ మూడూ తెలియవు. ఏ అమ్మకందారు ఒప్పుకుంటాడు? ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయాలి, బతిమాలకూడదు.

స్కానర్ పెట్టి "ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు" అని చూపించడం ఇప్పుడు ఆనవాయితీ. కోడ్లు తుడిచేయడానికి నిమిషం పట్టదు. అయితే తుడిచిన సంగతి దాచడం అంత తేలిక కాదు. కోడ్లు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మామూలు ఓబీడీ స్కానరే చూపిస్తుంది. ఆ అంకె పది, ఇరవై అని వస్తే, మీరు రాబోతున్నారని తెలిసి తుడిచినట్టే.

వరద సంగతి మరీ ముఖ్యం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. ఆ నీళ్ళలో నిలబడిన కార్లలో ఖరీదైనవి ఎన్నో. టోటల్ లాస్‌గా తేలిన బండి తుక్కు వేలంలో అమ్ముడవుతుంది, సరిచేసి మళ్ళీ బజారుకు వస్తుంది. చాలా జర్మన్ బండ్లలో కంట్రోల్ యూనిట్లు, వైర్ల కనెక్టర్లు కాళ్ళ దగ్గర కార్పెట్ కింద, డిక్కీలో ఉంటాయి. నీళ్ళు ఆరినా కనెక్టర్లలో తుప్పు ఆగదు, ఏడాది రెండేళ్ళకు ఒక్కొక్క యూనిట్టూ పోతుంది. కార్పెట్ ఎత్తి చూడనివ్వని డీలరు దగ్గర రెండు వందల పాయింట్ల కాగితానికి విలువ లేదు.

ఢిల్లీ బండ్ల గురించి కూడా ఒక మాట. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటి నుంచి గడువు దగ్గరపడిన డీజిల్ సెడాన్లు చవగ్గా బయటి రాష్ట్రాలకు తరలివచ్చాయి. ఇక్కడికొచ్చాక ఎన్‌ఓసీ, రీ-రిజిస్ట్రేషన్, బండి తొలి ధరను, వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ కలిపితే చవక ఎంత మిగులుతుందో సంతకం పెట్టకముందే లెక్క వేసుకోవాలి.

6. "భద్రత కోసమే కొంటున్నాం"

అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట ఇది, ఎందుకంటే అనేవాళ్ళు నిజాయితీగా, పిల్లలను తలుచుకుని అంటారు.

ఆ భద్రత కారులో పుట్టుకతో వచ్చింది, నిజమే. అది నిలిచేది మాత్రం మరమ్మతు మీద. బడ్జెట్ అయిపోయిన ఓనరు ఏం చేస్తాడో గ్యారేజీల్లో చూస్తూనే ఉన్నాం. రన్‌ఫ్లాట్ టైరు పగిలితే నాలుగూ మార్చే డబ్బు లేక ఒక్కదాన్ని వేరే కంపెనీది వేయిస్తాడు. స్పేర్ టైరు లేని బండి కాబట్టి ఆ టైరు మీదే ఊళ్ళు తిరుగుతాడు. బ్రేకు ప్యాడ్లు ఏవో చవకవి వేయిస్తాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే వైరుకు రెసిస్టరు కట్టి లైటు ఆర్పించి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. లైటు ఆరింది, ఎయిర్‌బ్యాగ్ మాత్రం తెరుచుకోదు. మీకంటే ముందున్న రెండో ఓనరు ఈ పని చేసి ఉంటే, పిల్లలను వెనక సీటులో కూర్చోబెట్టుకున్న మీకు ఆ సంగతి ప్రమాదం జరిగిన క్షణం దాకా తెలియదు.

టకాటా ఎయిర్‌బ్యాగుల గురించి చాలామంది ఇప్పటికే మరిచిపోయారు. బీఎండబ్ల్యూ, హోండా, మెర్సిడెస్‌తో పాటు ఎన్నో కంపెనీల బండ్లలో వాడిన ఆ ఇన్‌ఫ్లేటర్లు పేలినప్పుడు లోహపు ముక్కలు చిమ్మి మనుషులు చనిపోయారు. వేడి, తేమ ఎక్కువున్న చోట అవి త్వరగా చెడిపోయాయి. టకాటా 2017లో దివాలా తీసింది. వేడీ తేమా ఏడాదంతా ఉండే మన కోస్తా జిల్లాల్లో తిరిగే పాత సెడాన్‌కి ఆ రీకాల్ పని జరిగిందో లేదో చూడకుండా "భద్రత" అనే మాట నోటికి తేవడం ప్రమాదకరం. మరమ్మతు చేయించలేని చేతుల్లో ఉన్న రెండు టన్నుల వేగమైన బండి ఎక్కినవాళ్ళకే కాదు, రోడ్డు మీద ఎదురుగా వచ్చే బైకు వాడికి కూడా ముప్పే.

అయితే ఎవరు కొనవచ్చు? కొన్న మొదటి రెండేళ్ళలో గేర్‌బాక్సు గానీ ఇంజను గానీ పోతే, ఆ ఖర్చు భరించి ఇంటి ఖర్చులకు ఇబ్బంది పడని మనిషి కొనవచ్చు. అతనికి ఈ కారు నిజంగా మంచి బేరం. అంత డబ్బు విడిగా తీసి పెట్టుకోలేనివాళ్ళు, ఈఎంఐ మీద కొనేవాళ్ళు కొనకూడదు. పెద్ద సుఖమైన సెడాన్ కావాలనుకుంటే టయోటా కామ్రీ హైబ్రిడ్ లాంటిది చూడొచ్చు. 2013 నుంచి కర్ణాటకలోని బిడదిలో తయారవుతోంది, దాని గేర్‌బాక్సులో బెల్టులు, క్లచ్ ప్లేట్ల గొడవ లేదు. బ్యాటరీ పరీక్ష మాత్రం చేయించుకోవాలి. లేదంటే ఆ డబ్బుకి కొత్త మామూలు కారు, వారంటీతో. దాన్ని తెలివితక్కువ అనడం మానేయాలి.

ఇక అమ్మేవాళ్ళను, ఆ బండ్ల వీడియోలు తీసి లక్షల మందికి చూపించేవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ధర ఎంతో తెర మీద పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. దాని కిందే గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు మారిందో, ఏ రీకాల్ పని మిగిలిందో, ఆ మోడల్ మెకట్రానిక్స్ యూనిట్ షోరూమ్ ధర ఎంతో, బండి చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్ట్ చప్పుడు ఎలా ఉందో కూడా చూపించండి. ఈ నాలుగూ చూపించగలిగిన బండినే అమ్మండి.